తాడుమీద మిగిలిన పచ్చ పీలిక

మా దీవిలో దేశాధ్యక్షుడికిచ్చే ఇల్లు కారుతుంది. కావాలనే అలా ఉంచారు. జనం ఫిర్యాదులన్నీ తీరాకే అధ్యక్షుడి ఇంటి కప్పు బాగుచేయాలని రాజ్యాంగం. ఫిర్యాదున్నవాళ్లు ఆ ఇంటి వసారాలోని తాడుకు గుడ్డపీలిక కడతారు. పని జరిగితే వాళ్లే వచ్చి విప్పుకుంటారు. అధ్యక్షుడి ఇంట్లో ఉండేవాళ్లకు మాత్రం పీలిక కట్టే హక్కు లేదు. ఇది రాసిన మహానుభావుడెవరో గానీ ఒక్క వానాకాలం ఈ ఇంట్లో కాపురం చేసి ఉంటే తెలిసొచ్చేది.

మా ఆయన దర్జీ. వద్దు వద్దంటూనే అధ్యక్ష ఎన్నికల్లో గెలిచాడు. అప్పటినుంచి మా మంచం గదిలో నాలుగు మూలలూ తిరిగింది. గిన్నెలన్నీ కారేచోట పెట్టేస్తే, వంటకి మూకుడొక్కటే మిగిలింది.

ఈయన్ని నమ్ముకుంటే లాభం లేదని నేనే నడుం బిగించాను. కాలవలో చెత్త తీయించాను. వీధి దీపాలు వెలిగించాను. ప్రహరీ గోడ కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ములకి చీవాట్లు పెట్టాను. తాడు ఖాళీ అవుతూ వచ్చి, చివరికి పచ్చ పీలిక ఒక్కటి మిగిలింది. ఆ గుడ్డ మా ఆడపడుచు ఇంటి కిటికీ తెరది. కట్టింది అక్కడుంటున్న మా అత్తగారు.

ఇద్దరం వెళ్లి అడిగాం.

“అధ్యక్షుడయ్యాడు గానీ, కన్నతల్లిని ఓ పూట రమ్మన్న పాపాన పోలేదు. అదే నా ఫిర్యాదు” అంది ఆవిడ.

“ఇల్లు కారుతోందమ్మా, ఎలా రమ్మనను?” అని మా ఆయన నీళ్లు నమిలాడు.

“మీరూరుకోండి. అత్తయ్యా, పదండి, ఇవాళే వెళ్దాం. మీ ఇల్లే అనుకోండి” అన్నాను. కప్పు కోసం పులినైనా పిలిచేదాన్ని.

ఆవిడ వస్తూనే పీలిక విప్పింది. వెంటనే పనివాళ్లు నిచ్చెనలేశారు. ఆ తర్వాత కురిసిన వానకి లోపల ఒక్క చుక్క పడలేదు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆవిడ నా వంటకి పెదవి విరిచింది. గిన్నెలన్నీ తన పద్ధతిలో సర్దింది. పొడిగా ఉన్న మంచం ఆవిడదైంది, నేల మాదైంది. ఆవిడ సంచీలో చలికాలం దుప్పట్లు కూడా కనిపించాయి.

“ఎన్నాళ్లుంటారత్తయ్యా?”

“వాడి పదవి ఉన్నన్నాళ్లూ. నా ఇల్లే అనుకోమన్నావుగా!”

నేను పాత దుప్పటి అంచు చింపి, వసారాలోకి నడిచాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఏమేవ్, మనకి హక్కు లేదే!”

తాడు ఖాళీగా ఊగుతోంది. ఆ పీలికతోనే కళ్లు తుడుచుకుని, ముక్కు చీదుకుని, లోపలికి వెళ్లిపోయాను.