సున్నా బిల్లు ఇల్లు

నేను ఒక ఏసీని. ఐదు నక్షత్రాల ఏసీని. కరెంటు తక్కువ తాగుతానని నా నుదుటి మీద స్టిక్కరు కూడా ఉంది. మాచర్లలో చెన్నకేశవులు మాస్టారి ఇంటికి వచ్చాక మాత్రం అసలు తాగడమే మానేశాను. ఇంతకంటే పొదుపైన ఏసీ ఎక్కడైనా ఉంటే చూపించండి, ఓడిపోయానని ఒప్పుకుంటాను.

పుట్టింది తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో. కొన్నాళ్ళు గుంటూరు షాపులో ఉన్నాను. వచ్చినవాళ్ళంతా నా ముందు నిలబడి చెమటార్చుకుని, ధర అడిగి, ఫ్యాన్ల వైపు వెళ్ళిపోయేవారు. మాస్టారు ఒక్కరే నా గాలిని పట్టించుకోకుండా స్టిక్కరు చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. నన్ను అర్థం చేసుకునే మనిషి దొరికాడని మురిసిపోయాను. తొందరపాటు ఎవరికైనా ఉంటుంది.

మాస్టారు హైస్కూల్లో సైన్సు చెబుతారు. ఆయన ఇల్లు చూసి తీరాలి. మిద్దెకు తెల్లటి చలవ రంగు, దాని మీద సోలార్ పలకలు, గదిగదికీ కరెంటు తక్కువ లాగే ఫ్యాన్లు. పలకల మీద పుట్టిన కరెంటు ఇంటికి వాడుకోగా మిగిలింది వీధి తీగల్లోకి పోతుంది, ఆ మేరకు బిల్లు తగ్గుతుంది. అలా నెలనెలా బిల్లులో వాడకం సున్నా. మీటరు చార్జీ కింద కట్టే చిల్లర ఉంది గానీ, దాన్ని మాస్టారు బిల్లుగా ఒప్పుకోరు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు ఆ కాగితం వస్తుంది. కాఫీ సంగతి తర్వాత.

అలాంటి ఇంటికి నేను వచ్చింది అల్లుడి కోసం. కూతురు నీహారికను ఒంగోలు ఇచ్చారు. పెళ్ళయ్యాక కొత్త అల్లుడు మూడు నిద్రలకు వస్తాడు కదా, అత్తింట్లో చెమటలు పడితే పరువు పోతుంది. ఆ మూడు రాత్రులూ తిరిగాను. నాలుగోరోజు పొద్దున అల్లుడి కారు వీధి మలుపు తిరగకముందే మాస్టారు నా మీద పూల గుడ్డ కప్పేశారు. నా రిమోట్‌లో బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో వేసుకున్నారు. ఉన్నవి ఉండగా కొత్తవి కొనడం ఆయన పద్ధతి కాదు. ఆ నెల బిల్లు మాత్రం ఎవరికీ చూపించలేదు.

మరుసటి వేసవికి నీహారిక పురిటికి వచ్చింది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, సరిగ్గా ఆ కార్తెలోనే ఆడపిల్ల పుట్టింది. మాస్టారి తల్లి అంకమ్మ గారు బాలింత చెవుల్లో దూది పెట్టించి, తలకు గుడ్డ కట్టించి, చలిగాలి తగిలితే పెద్దయ్యాక నడుం పట్టేస్తుందని ఫ్యాను కూడా ఆపించారు. ఊరి పిల్లలందరికీ మూఢనమ్మకాలు వద్దని పాఠం చెప్పిన మాస్టారు ఈ ఒక్కచోట పెద్దల మాటలో సైన్సు ఉంటుందన్నారు. అని, వెళ్ళి మీటరు చూసి వచ్చారు.

పాపకు ఒళ్ళంతా చెమటకాయలు. పాలు సరిగా తాగదు, కన్ను మూయదు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. తల్లికీ నిద్ర లేదు. అదే గదిలో నేను పూల గుడ్డ కప్పుకుని గోడకు వేలాడుతున్నాను. అన్నం కుండ మీద మూత పెట్టి, పక్కన పిల్లను ఆకలికి ఏడిపించినట్టు ఉంది నా బతుకు. సిగ్గేసింది.

మాస్టారి భార్య విజయకుమారి గారు ఆసుపత్రికి తీసుకెళితే, గది చల్లగా ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. మాస్టారు వట్టివేళ్ళ తడికలు తెచ్చి కిటికీకి కట్టి నీళ్ళు చల్లారు. తడికలకు మీటరు లేదు. కాకపోతే పక్కింటి ఏసీ బయటి పెట్టె సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా ఉంది. దాని వేడిగాలికి తడిక ఇట్టే ఎండిపోయేది. మాస్టారు ఓపిగ్గా మళ్ళీ తడిపేవారు.

ఒక మధ్యాహ్నం నీహారిక బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. పచ్చి బాలింత పుట్టింట్లోంచి అలా వెళ్ళిపోతే ఊరు ఏమంటుందో ఆమెకు తెలియక కాదు. తండ్రి గుమ్మంలోకి వస్తే తల ఎత్తలేదు.

"ఆయనకి ఫోన్ చేశాను నాన్నా. కారు తెస్తన్నాడు. పాపని తీసుకుని పోతా."

వానలు దగ్గర్లోనే ఉన్నాయనీ, సాయంత్రానికి గాలి తిరుగుతుందనీ మాస్టారు ఏదో చెప్పారు. మనవరాలి ఏడుపులో అది ఎవరికీ వినపడలేదు. అంకమ్మ గారు మంచం దిగి, కిటికీ తడిక పక్కకు తోసి, చెయ్యి బయట పెట్టారు. వేడి తగిలి చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"ఒరే కేశవులూ, మన మిద్దె మీద పుట్టిన కరెంటు పక్కింటోళ్ళని చల్లబరస్తా ఉంది. మనింట్లో పుట్టిన బిడ్డ మాడిపోతా ఉంది. ఇదేం చదువురా?"

బాలింతకు చలిగాలి పడదని నువ్వే కదమ్మా అన్నావని మాస్టారు గొణిగారు.

"బుద్ధెరిగినకాడి నుంచి నా మాట ఒక్కటీ విన్లేదు నువ్వు. ఇదొక్కటీ ఎందుకు విన్నావో నాకు తెలవదా?"

విజయకుమారి గారు అప్పటికే బీరువా తెరిచి నా రిమోట్ తీశారు. వార్తలు సగంలో ఉండగానే టీవీ రిమోట్‌లోని బ్యాటరీలు ఇటు వచ్చాయి. గుడ్డ లాగారు. ఒక్కసారి దుమ్ము కక్కి, తిరగడం మొదలుపెట్టాను. అంకమ్మ గారు పంతం పూర్తిగా వదల్లేదు, బాలింత చెవుల్లో దూది అలాగే ఉంచారు.

కాసేపటికి ఏడుపు ఆగింది. ఇల్లంతా హడలిపోయి తొంగిచూసింది. పాప నిద్రపోతోంది. పక్కనే నీహారిక, సగం మడిచిన చీర చేతిలో ఉండగానే, కూర్చున్నచోటే ఒరిగి నిద్రపోయింది. ఫోన్ మోగితే మాస్టారే తీసుకుని బయటికి వెళ్ళారు. బిడ్డను చూడటానికి రమ్మనీ, తీసుకెళ్ళడానికి మాత్రం వద్దనీ అల్లుడికి చెప్పారు. ఆయన గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదలు.

మిగిలిన వేసవి అంతా తిరిగాను. బిల్లు వస్తే మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. అన్నాళ్ళూ వీధిలోకి పంపిన యూనిట్లు జమలో ఉన్నాయట, చాలావరకు వాటితోనే సరిపోయింది. కట్టాల్సింది తడికలకు పెట్టిన ఖర్చులో సగం కూడా లేదు. మాస్టారు ఆ తడికలను విప్పి మిద్దె మీద పడేశారు.

ఐదో నెలలో నీహారిక పాపను తీసుకుని ఒంగోలు వెళ్ళింది. చలికాలం వచ్చింది. నా మీదికి పూల గుడ్డా వచ్చింది. బిల్లు మళ్ళీ సున్నా.

ఎదురింటాయన వచ్చి కూర్చుని, ఈ నెల ఎంతొచ్చింది మాస్టారూ అని తనే అడిగాడు. ఇంకా రాలేదండీ అన్నారు మాస్టారు. కాగితం ఆయన జేబులోనే ఉంది. ఎదురింటాయన వెళ్ళాక మాస్టారు ఈ గదిలోకి వచ్చి, ఖాళీ ఉయ్యాల పక్కన చాలాసేపు కూర్చున్నారు. ఆ సున్నాను ఆయన నాకు కూడా చూపించలేదు. లేచి వెళ్తూ నా రిమోట్ తీసి, బ్యాటరీలు ఉన్నాయో లేదో చూసి, ఉయ్యాల పక్క అలమరలో పెట్టారు.

టీవీకి కొత్త బ్యాటరీలు కొన్నారు.