పదిహేనో సన్మాన పత్రం

"మా ఇంట్లో చేతిరాత బాగుంటుందిలే, ఆ పని సంగతి మీకెందుకు" అన్నారు మా ఆయన, హాల్లో కూర్చున్న కమిటీవాళ్ళతో. నేనప్పుడు వంటింట్లో వాళ్ళు తాగిన కాఫీ గ్లాసులు కడుగుతున్నాను. "మా ఇంట్లో" అంటే నేనే. పెళ్ళయి పదిహేడేళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితురాలినై పద్నాలుగేళ్ళు. హాజరు పట్టీలో ప్రసన్నకుమారిని, జీతం కాగితంలో ప్రసన్నకుమారిని, నెలపొడుపు సాహితీ సమితి కార్యదర్శి గిరిప్రసాద్ గారి నోట్లో మాత్రం "మా ఇంట్లో". అలిగి కూర్చునేంత పెద్ద విషయమేమీ కాదు. గ్లాసులు బోర్లించి, రెండో విడత కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టాను.

తిరుపతిలో మా సమితికి కాస్త పేరుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం మా మిద్దె మీద కథలూ పద్యాలూ చదువుకుంటారు. ఏడాదికోసారి, ఆగస్టులో, వార్షికోత్సవం. ఆ రోజు మన జిల్లా రచయితనో కళాకారుడినో ఒకరిని కూర్చోబెట్టి దండ వేసి, శాలువా కప్పి, సన్మాన పత్రం చదివి చేతికిస్తారు. దళసరి కాగితం మీద నల్ల సిరాతో రాసి అద్దం కట్టించిన ఆ పత్రమే మా సమితికి గొప్ప. మిగతా ఊళ్ళలో అచ్చు వేయించిన పత్రాలిస్తారు. మేము చేత్తో రాసినదిస్తాం. రాసే చెయ్యి నాది. రాసే మాటలూ నావే. ఆ రెండో సంగతి కమిటీకి తెలియదు.

మొదలైంది మా ఆయన మంచితనం వల్లే. ఎనభై ఏడులో సమితి పెట్టిన కొత్తలో, మొదటి సభలో నేనే లేచి నా కవిత చదివాను. ఇంటికొచ్చాక మా అత్తగారు పళ్ళెంలో అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, "నలుగురు మొగోళ్ళ ముందర మైకు పట్టుకోని సదవతావా అమ్మణ్ణీ? మన ఇంటా వంటా లేదే ఇది" అన్నారు. అరవలేదు, తిట్టలేదు. ఆ మెత్తని గొంతే నా కాళ్ళకు అడ్డం పడింది. మా ఆయన నన్ను పెరట్లోకి తీసుకుపోయి, "పోనీలే ప్రసన్నా, ఆమెనెందుకు బాధపెట్టేది. నువ్వు రాసియ్యి, నేను సదువుతా" అన్నారు. ఎంత ప్రేమగా అన్నారంటే, ఆ ఏడాది మొదటి సన్మాన పత్రం నేను సంతోషంగానే రాసిచ్చాను. మా అత్తగారు పోయి ఆరేళ్ళయింది. ఆ ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రతి ఏడూ ముఖ్య అతిథి, "గిరిప్రసాద్ గారి పత్రం వినడానికైనా ఈ సభకు రావాలి" అంటారు. ఆయన చేతులు జోడించి, "ఏదో, మీ అభిమానం" అంటారు. అబద్ధమేమీ చెప్పరు. నేను వెనక వరసలో ఆకుల్లో ఉప్మా పెట్టిస్తూ ఉంటాను.

రెండు వేల ఒకటిలో, అంటే పదిహేనో ఏడు, సన్మానం చిన్నబ్బ గారికని నిర్ణయించారు. పుత్తూరు దగ్గర ఒక పల్లెలో ఉంటాడు, డెబ్బై దాటిన వీధినాటకం మనిషి. ఎండాకాలంలో మన వైపు ధర్మరాజుల గుళ్ళలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది కదా, అందులో నలభై ఏళ్ళుగా ద్రౌపది వేషం ఆయనదే. వేషం కట్టి నడిచి వస్తుంటే ఆడవాళ్ళు ఆయన కాళ్ళకు పసుపు రాసి మొక్కుకునేవాళ్ళట. మామూలుగా సన్మానం అందుకునేవాళ్ళే తమ వివరాలు రాసి పంపిస్తారు. పుట్టిన ఊరు, గురువులు, బిరుదులు. చిన్నబ్బ గారికి చదువు రాదు. కమిటీలో ఒక్కొక్కరికి ఒక్కో పని పడింది. "పుత్తూరు బస్సెక్కితే గంట గదా, శనివారం బడి సగం పూటే గదా" అని మా ఆయన నా వైపు చూశారు. అలా పదిహేనేళ్ళలో మొదటిసారి నేను ఒక సన్మానితుడి ఇంటికి వెళ్ళాను.

అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టాడు. సన్నగా, నిటారుగా ఉన్నాడు. మాట్లాడేటప్పుడు చేతి వేళ్ళు కూడా మాట్లాడతాయి. గురువెవరంటే, "మా మామ తిరుమలయ్య. పద్యమంటే ఆయప్పదే" అన్నాడు. ఒక పద్యం పాడమన్నాను. రెండు పాదాలు పాడి ఆగిపోయాడు. లోపల చేటలో రాగులు చెరుగుతున్న శబ్దం ఆగింది. మూడో పాదం అందిస్తూ ఒక ఆడ గొంతు వచ్చింది. "ఆఁ, అదే" అని అందుకున్నాడు. ఇంకో పద్యం. మళ్ళీ అంతే. ఇంత జరిగినా నేను చేసిందేమిటయ్యా అంటే, నోట్సులో "మధుర కంఠం" అని రాసుకుని, బిరుదులేమైనా ఉన్నాయా అని అడిగాను. రెండు గంటలు అడిగాను. బస్సు వేళైంది. పెన్నుకు మూత పెట్టబోతూ, పత్రంలో ఒక ఖాళీ ఉంటుంది కదా అని గుర్తొచ్చి, "మీ ఇంటావిడ పేరేమయ్యా?" అన్నాను.

"మునిరత్నమ్మ. పేరొకటేనామ్మా రాసుకునేది? నాకు పద్యాలు నేర్పింది అదే గదా" అన్నాడు.

"మీ మామగారని చెప్పారు కదా?"

"మామ ఈ అరుగు మీదనే మాకు సెప్తా ఉండె. అది లోపల రాగులిసరతా ఇంటా ఉండె. మామ సెప్పింది తెల్లారేసరికి మాకు మరుపొచ్చె. దానికి రాలా." ఆయన నవ్వాడు. తన గురించి కాదు, ఎవరో గొప్పవాళ్ళ గురించి చెబుతున్నట్టుంది ఆ నవ్వు. "ఏడుపు గూడా దానిదేనమ్మా. కొప్పు పట్టి ఈడ్సేకాడ నేను మొగోడి మాదిరి అరస్తా ఉంటి. ఆడది అట్లా అరవదు, ముందర ఊపిరి బిగబడతాది, గొంతు ఆమైన వస్తాది అని సేసి సూపించె. ఆ పొద్దు నుంచే జనం ఏడ్సేది మొదలుపెట్న్యారు."

"ఇదంతా ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురూ అడగలా" అన్నాడు.

మునిరత్నమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని గడపలోకి వచ్చింది. పొట్టి మనిషి, ముక్కుకు రెండు వైపులా పుడకలు. ఆయన ద్రౌపది వేషం ఎలా ఉంటుందమ్మా అని అడిగాను.

"నేను యాడ సూసేది? ఆ పద్దెనిమిది దినాలూ మేళానికంతా వంట నాదే. గుడి యెనకాల పొయ్యికాడ కూసోని ఇంటా. ఆయప్ప యాడన్నా తప్పితే ఆ పొయ్యికాడికే తెలస్తాది."

"మీకెప్పుడూ వేషం కట్టాలనిపించలేదా అమ్మా?"

ఆమె చెంబు నా చేతికిచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "అనిపించకుండా యాడికి పోతాది? సిన్నప్పుడు ఒకతూరి మా నాయన్ని అడిగినా. ఆడోళ్ళు ద్రౌపది కట్టేదేంది, సోద్దెం అన్న్యాడు" అంది. చెప్పి, తనే కాస్త నవ్వింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను రాసిన పద్నాలుగు పత్రాలూ లెక్కపెట్టుకున్నాను. ఒకాయన బ్రహ్మచారి. ఒక్క ఏడాది మాత్రం ఆడమనిషికి సన్మానం చేశాం, హరికథలు చెప్పే ఆమెకు. ఆమె పత్రంలో "భర్తగారి ప్రోత్సాహంతో" అని రాశాను. ప్రోత్సహించాడో లేదో ఆమెను అడగలేదు. మిగతా పన్నెండు పత్రాల్లోనూ "అనుకూలవతియైన ధర్మపత్ని" అని రాశాను. పన్నెండు మంది ఆడవాళ్ళకు ఒకే మాట. పోయినేడు పద్యకవి పరంధామయ్య గారు మూడు పేజీల వివరాలు పంపితే అందులో భార్య పేరే లేదు. మా ఆయన ఫోన్ చేసి కనుక్కుని "జ్ఞానాంబ" అని చెబితే ఖాళీలో ఆ పేరు దించి, ముందు "అనుకూలవతి" తగిలించాను. ఆమె అనుకూలంగా ఉందో, ప్రతికూలంగా ఉందో, అసలు ఆ పద్యాలు చదివిందో లేదో నాకేం తెలుసు? ఇన్నాళ్ళూ మా ఆయన నా పేరు చెప్పలేదని లోపల్లోపల కుమిలిపోతున్నదాన్ని. నేను చేసిందేమిటి? నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఆ మాట నా చేతికి అలవాటైపోయింది. రేణిగుంట దాటేదాకా సిగ్గుతో తల పైకెత్తలేకపోయాను.

ఆ వారం పత్రం రాశాను. పుణ్యదంపతులు, కళామతల్లి ముద్దుబిడ్డ, అన్నీ మామూలే. మధ్యలో ఒక్క పేరా మాత్రం ఆ భాషలో రాయడానికి మనసొప్పలేదు, మామూలు తెలుగులో రాశాను. మా ఆయన ఎర్ర పెన్ను పట్టుకుని మంచం మీద కూర్చుని చదివారు. సరిగ్గా ఆ పేరా దగ్గర ఆగి, ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టారు.

"ఇదేంది ప్రసన్నా? సన్మానం ఆయనకా, ఆమెకా?"

"ఆయన చెప్పిందేనండీ."

"ఆయన అమాయకుడు, చెప్తాడు. నలుగురిలో చదివితే ఏమనుకుంటారు? నలభై ఏండ్లు పెండ్లాం నేర్పితే ఆడినాడా అనరా? పెద్దాయన చిన్నబోతాడు. సహధర్మచారిణి సహకారంతో అని రాసెయ్. అందులోనే అన్నీ వచ్చేస్తాయి."

"అందులో ఏమీ రావు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అందులో ఏమీ రావని రాసేదాన్ని నాకు తెలుసు. ఆ పేరా తీసేస్తే నేను రాయనండీ. మీరే రాసుకోండి."

ఆయన రాత మందుల షాపువాడు తప్ప ఎవరూ చదవలేరు. ఆయనకు రోషం వచ్చింది. "అట్లయితే నువ్వే చదువుకో పో. నేను మైకు కాడికి వచ్చేది లేదు" అన్నారు.

నేను మైకు దగ్గరికి రానని ఆయనకు గట్టి నమ్మకం. రెండు రోజుల్లో దిగివస్తుందిలే అనుకున్నారు. నాకూ దిగిరావాలనే ఉంది, అబద్ధమెందుకు. బడిలో అరవై మంది పిల్లల ముందు అరిచే గొంతు, సభ అనగానే కడుపులోకి జారిపోయేది. కానీ నేను వెనక్కి తగ్గితే మునిరత్నమ్మ కూడా "అనుకూలవతి" అయిపోతుంది. పదమూడో మనిషి. దళసరి కాగితం మీద ఆ పేరాతో సహా దించి, అడుగున కార్యదర్శి పేరుండే చోట "రచన: ప్రసన్నకుమారి" అని రాసి, అద్దానికి ఇచ్చేశాను.

సభ రోజు ఉదయం మిద్దె మీద బట్టలు ఆరేస్తూ, గొంతు పెంచి పెంచి చదువుకుంటున్నాను. తిరిగి చూస్తే మెట్ల దగ్గర మా ఆయన. ఎప్పటి నుంచి నిలబడ్డారో తెలియదు. దగ్గరికొచ్చి తడి దుప్పటి రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరం కలిసి పిండాం. "అంత వేగం వద్దు" అన్నారు, నా వైపు చూడకుండా. "పేరాకీ పేరాకీ నడుమ ఆగు. మైకు మరీ దగ్గర పెట్టుకోవాకు, గుటకేసింది గూడా ఇనిపిస్తాది." పదిహేనేళ్ళుగా ఆయన నేర్చుకున్నదంతా ఆ మూడు ముక్కల్లో నాకిచ్చేశారు. నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషి మీద నాకు కోపం నిలవదు, అదే నా కష్టం.

హాలు నిండింది. వేదిక మీద చిన్నబ్బ గారు, పక్కన కుర్చీ అంచున మునిరత్నమ్మ. మా ఆయన మైకు ముందుకొచ్చి, "సన్మాన పత్రం..." అని ఒక్క క్షణం ఆగి, "దాన్ని రాసినవారే చదువుతారు" అని పక్కకు తప్పుకున్నారు. కమిటీవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెళ్ళి నిలబడ్డాను. మొదటి పేరా నా గొంతు కాదు, మేక గొంతు. రెండోది ఫరవాలేదు. ఆ తర్వాత ఆగాను, ఆయన ఆగమన్నట్టే. ఆగి చదివాను.

"జనం విన్న గొంతు చిన్నబ్బ గారిది. ఆ గొంతుకు పద్యం నేర్పిన గురువు ఆయన భార్య మునిరత్నమ్మ గారు. తండ్రి అరుగు మీద మగపిల్లలకు చెబుతుంటే, లోపల రాగులు విసురుతూ భారతమంతా నేర్చుకున్నారు. ద్రౌపది ఎలా ఏడవాలో చేసి చూపించారు. నలభై ఏళ్ళుగా ఆ నాటకాన్ని ఒక్కసారైనా కూర్చుని చూడలేదు. మేళానికి వంట చేస్తూ, గుడి వెనక నుంచి వింటూ, తప్పొప్పులు దిద్దారు. ఈ సంగతి మాకు చెప్పినవారు చిన్నబ్బ గారే."

నా వెనక కుర్చీలోంచి చిన్నబ్బ గారు, మైకు లేకుండానే అందరికీ వినిపించే గొంతుతో, "నిజమేనమ్మా. ఆ ముక్క ఇంకోతూరి సదువు" అన్నాడు. జనం నవ్వారు. మళ్ళీ చదివాను. రెండోసారి చదువుతుంటే మునిరత్నమ్మ కుర్చీలో వెనక్కి జరిగి, వీపు ఆనించి కూర్చోవడం ఓరగా కనిపించింది. చివరికి నా పేరు నేనే చదువుకున్నాను. చప్పట్లు మొదలయ్యాయి. మా ఆయన కొంచెం ఆలస్యంగా కొట్టారు, కానీ కొట్టారు.

సభ అయిపోయాక ఉప్మా పెట్టే చోటికి ఎప్పటిలాగే వెళ్ళాను, కాళ్ళు అలవాటుగా అటే తీసుకెళ్ళాయి. అక్కడ నిలబడి ఉన్న ఒక పెద్దావిడ నా మణికట్టు పట్టుకుంది. డెబ్బై ఏళ్ళుంటాయేమో. చెయ్యి చల్లగా ఉంది, పట్టు మాత్రం గట్టిగా ఉంది. నాలుగడుగుల దూరంలో పద్యకవి పరంధామయ్య గారు ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఆవిడ ఆయన వైపు ఒకసారి చూసి, నా దగ్గరికి ఇంకాస్త జరిగింది.

"నేను జ్ఞానాంబను" అంది, నెమ్మదిగా. "పోయినేడు మా ఇంటికి ఎందుకు రాలేదమ్మా నువ్వు?"