చాప ఎత్తాల్సిన మనిషి

బ్యాంకు లెక్కలో మా నాన్న చనిపోయాడు. అమ్మ ఆపరేషన్‌కి డబ్బు కావాలని ఆయన కౌంటరు ముందు నిలబడినప్పుడు ఆ సంగతి మాకు తెలిసింది.

తప్పు జరిగిన తీరు చెబితే నవ్వొస్తుంది. పెదనాన్న పోయాక ఇంటిపెద్ద పట్టం నాన్నకొచ్చింది. మా సమోవాలో పట్టంతోపాటు పేరూ వస్తుంది. నిన్నటిదాకా పీటా అయినవాడు ఇక పెదనాన్నలాగే లెమానా. ఊరంతా పిలిస్తే చాలదా? నాన్నకి చాల్లేదు. కొత్త లుంగీ కట్టుకుని, మెళ్ళో దండైనా తియ్యకుండా సలెలొలోగా పట్నానికి వెళ్ళి బ్యాంకు ఖాతాలో కూడా పేరు మార్పించుకొచ్చాడు. తర్వాత పెదనాన్న చావు కబురు బ్యాంకుకి చేరింది. ఇద్దరు లెమానాల్లో వాళ్ళు బతికున్నవాణ్ణి చంపారు.

ఖాతాకి తాళం పడింది. నాన్న వెళ్ళి బతికే ఉన్నానంటే పాస్టరు దగ్గర్నుంచి కాగితం తెమ్మన్నారు. అది తెస్తే పెదనాన్న చావు కాగితం అడిగారు. ఆపైన పెద్దాఫీసు నుంచి జవాబు రావాలన్నారు. ఆక్లాండ్‌లో అమ్మ గుండె ఆపరేషన్‌కి తేదీ ఇచ్చి ఉన్నారు. కోకో అమ్మిన డబ్బు, అన్నలు ఉన్నదంతా ఊడ్చి పంపిన డబ్బు, అంతా ఆ ఖాతాలోనే ఉంది. అంత అప్పు మా ఊళ్ళో పుట్టదు. తేదీ దాటిపోయింది. ఇంకో తేదీ కోసం చూస్తూ, సన్నచాప అల్లుతూ అల్లుతూ అమ్మ పక్కకి ఒరిగిపోయింది. ఆమెను మా ఆనవాయితీ ప్రకారం ఇంటిముందే పూడ్చిపెట్టాక, ఖాతా తెరిచామని కబురొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నాన్న నష్టపరిహారం అడిగాడు. వాళ్ళు తప్పుగా కోసిన రుసుము, వడ్డీ, పైన మర్యాద కోసం ఇంకొంత వేసి ఐదువందల తాలాల చెక్కు రాశారు. మేనేజరు తెరేసా మా పక్క ఊరి పిల్లే. నాన్న ఆ చెక్కుని ఆమె వైపే తోశాడు.

"డబ్బొద్దు తల్లీ. పద్ధతి నీకు తెలియంది కాదు. తెల్లారేసరికి చాప కప్పుకుని మా ఇంటిముందు కూర్చో. నేనొచ్చి ఎత్తుతాను. అక్కడితో సరి."

ప్రాణం తీసినవాళ్ళ తరఫు మనుషులు మా దగ్గర అలాగే మోకాళ్ళ మీద కూర్చుంటారు. నష్టపోయినవాళ్ళు చాప ఎత్తితే క్షమించినట్టు. అంతవరకూ కదలకూడదు.

తెరేసా తల దించుకుంది. "నేను కూర్చుంటే బ్యాంకే చంపిందని ఒప్పుకున్నట్టవుతుంది బాబాయ్. ఖాతాలో తప్పు మాదే. ప్రాణం సంగతి మాది కాదంట."

కాదంట! ఆ మాట కూడా పైవాళ్ళు నేర్పిందే. ఆమె మీద నాకు జాలి వెయ్యలేదు, ఇప్పటికీ వెయ్యదు.

అయినా నాన్న ఎదురుచూశాడు. రోజూ చీకటితోనే లేచి, వచ్చేవాళ్ళ మోకాళ్ళకి గుచ్చుకుంటాయని వాకిట్లో రాళ్ళు ఏరేవాడు. వాళ్ళ కోసం టీ కాచి ఉంచమనేవాడు. బస్సు చప్పుడైతే లేచి నిలబడేవాడు. చూడలేక ఒకనాడు అనేశాను, "రారు నాన్నా. బ్యాంకుకి మోకాళ్ళుండవు."

నిన్న పొద్దున లేచేసరికి వాకిట్లో చాప కనిపించింది. దాని కింద మనిషి ఉన్నట్టు తెలుస్తోంది. తెరేసా వచ్చేసిందనుకున్నాను. సంతోషంతో నాన్నను లేపబోతే ఆయన పక్క ఖాళీగా ఉంది.

దగ్గరికెళ్ళి చూశాను. అది అమ్మ సగంలో వదిలేసిన చాప, ఒక అంచున పోగులు వేలాడుతున్నాయి. దాని కింద కూర్చున్నది ఇంటివైపు తిరిగి కాదు, అమ్మ సమాధివైపు తిరిగి.

"ఇదేంటి నాన్నా?"

"పేరు మార్పించుకోవడానికి పరిగెత్తింది నేనే కదమ్మా," అన్నాడు లోపల్నుంచి.

ఎండెక్కింది. ఎంత బతిమాలినా కదల్లేదు. చివరికి చాప అంచు పట్టుకుని ఎత్తబోయాను. లోపల్నుంచి ఆయన గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు కాదు తల్లీ."

ఎత్తాల్సిన మనిషి ఆ సిమెంటు కింద ఉంది. అంచు వదిలేసి నేనూ ఆయన పక్కనే కూలబడ్డాను.