శకుంతలమ్మకు సోకిన గాలి

జూన్ నెల చివర్లో ఒక ఉదయం ఏడున్నరకు, బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన తన ఇడ్లీ బండి ముందు నిలబడి, శకుంతలమ్మ ఒక ట్రాక్టరు డ్రైవరును అడిగింది: "ఎన్ని చట్నీలప్పా?"

ఆమె అడగాలనుకున్నది ఇడ్లీలు ఎన్ని అని. అదే అడిగాననుకుంది కూడా.

డ్రైవరు నవ్వాడు. "చట్నీ ఒకటే సాలుమా, ఇడ్లీలు నాలుగెయ్యి."

ఇతనెందుకు నవ్వుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. మర్యాదకు తనూ నవ్వబోయింది. నవ్వు మూతికి ఒక పక్కనే ఆగిపోయింది. చేతిలోని గరిటె కింద పడింది. వంగి తీసుకుందామంటే కుడిచెయ్యి ఎవరిదో తెచ్చి భుజానికి తగిలించినట్టు వేలాడుతోంది.

అది మామిడికాయల సీజను. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలైన ట్రాక్టర్ల, లారీల వరస రెండు కిలోమీటర్ల దాకా ఉంది. అడుగు ముందుకేసి ఆగడం, మళ్లీ అడుగు వేయడం, ఇంజన్లు మాత్రం ఆపకపోవడం. ఆ గేటుకు ఎదురుగా, ఒకవైపు ఆ వరస, ఇంకోవైపు చెన్నై, బెంగుళూరు లారీలు పోయే రోడ్డు, మధ్యలో శకుంతలమ్మ బండి. పందొమ్మిదేళ్లుగా అదే చోటు. భర్త పోయినా, వాన వచ్చినా, ఆ చోటు మాత్రం వదల్లేదు. ఆమెకిప్పుడు యాభై మూడు.

కొడుకు మునిశేఖర్ పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. "ఏమైందిమా? కండ్లు తిరిగినాయా? రాత్రి నిద్రపోలేదు గదా నువ్వు," అని తనే అడిగి తనే జవాబు చెప్పుకొని, బండి వెనక బల్ల మీద పడుకోబెట్టాడు. చక్కెర నీళ్లు తాగించబోతే సగం మూతి చివర నుంచి కారిపోయాయి. "కొంచేపు పండుకోమా, అదే పోతాది," అన్నాడు. బండి ముందు పదిమంది ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అతను మళ్లీ గరిటె అందుకున్నాడు.

శకుంతలమ్మ పడుకుని రేకుల కప్పు చూస్తూ ఉంది. నొప్పి లేదు. అదే ఆమెకు వింతగా ఉంది. నొప్పి లేనప్పుడు లేవొచ్చు కదా, లేవాలని కూడా అనుకుంటోంది కదా, మరి ఎందుకు లేవడం లేదు? కొడుకును పిలుద్దామనుకుంది. అతని పేరు ఎక్కడో ఉంది, అందడం లేదు. పేరు లేకుండా మనిషిని ఎలా పిలవాలో ఆమెకు తోచలేదు.

పది గంటలకు కోడలు మోహన రెండో విడత పిండి తెచ్చింది. అత్త ముఖం చూసి గిన్నె అక్కడే పెట్టేసింది.

"అత్తా, రెండు చేతులూ ఎత్తు."

ఒకటే లేచింది.

"ఎప్పటినుంచి ఇట్లుండాది?" అని మొగుడి మీద అరిచింది మోహన. "మూతి వంకరపోయింది, నీకు కనపడల్యా?"

"అలిసిపోయిందేమో అనుకున్యా," అన్నాడు మునిశేఖర్, చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

ఆటో దొరికింది కానీ ఆ ట్రాక్టర్ల మధ్యలోంచి బయటపడటానికే ముప్పావుగంట పట్టింది. చిత్తూరులో ఆసుపత్రికి చేరి, తలకు స్కాను తీసేసరికి ఒంటిగంట కావొస్తోంది. డాక్టరు రూపశ్రీ చిన్న వయసు మనిషి. ఫిలిం వెలుతురుకు పట్టి చూపించింది. మెదడులో ఎడమవైపు ఒక నాళం పూడిపోయిందని, అందుకే కుడిపక్క పడిపోయిందని, మాట కూడా ఆ పక్కనే ఉంటుందని చెప్పింది. "నాలుగున్నర గంటల్లోపల వచ్చుంటే గడ్డను కరిగించే ఇంజెక్షను వేసుండొచ్చు. ఇప్పుడు వేస్తే ప్రమాదం."

మునిశేఖర్‌కు బల్ల మీద అమ్మను పెట్టుకుని తను వడ్డించిన ప్లేట్లన్నీ కళ్ల ముందు తిరిగాయి.

శకుంతలమ్మకు అన్నీ వినబడుతున్నాయి. కొన్ని అర్థమవుతున్నాయి, కొన్ని వేరే ఊరి భాషలా దాటిపోతున్నాయి. ఆమెకు దాహం వేసింది. నీళ్లు అడిగింది. "చట్నీ" అని వినిపించింది. ఎవరన్నారా అని చుట్టూ చూసింది. తనే. మళ్లీ జాగ్రత్తగా, పెదాలు కూడదీసుకుని అడిగింది. మళ్లీ చట్నీ అనే వచ్చింది. లోపల నీళ్లు, బయట చట్నీ. దుప్పటన్నా చట్నీయే, మోహన పేరన్నా చట్నీయే. ఆ ఒక్క మాట తప్ప నోట్లో ఇంకేదీ మిగల్లేదు.

నాలుగో రోజు డాక్టరు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. శకుంతలమ్మ ఆడబిడ్డ అక్కమ్మ కూడా చూడటానికి వచ్చి కాళ్ల దగ్గర నిలబడి ఉంది, మోహన, మునిశేఖర్ తలవైపు.

"బీడీ, పొగాకు అలవాటుందా?"

"ల్యా మేడమ్," అంది మోహన. "వక్కాకు గూడా నమలదు."

"బీపీ పెద్దగా లేదు. చక్కెర లేదు. గుండె బాగుంది," అని డాక్టరు కాగితాలు తిప్పింది. "పనేం చేస్తారీమె?"

చెప్పారు. పందొమ్మిదేళ్లు, పొద్దున నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా, రోడ్డు పక్కన. గ్యాసుకు ముందు పదేళ్లు కట్టెల పొయ్యి.

డాక్టరు కాగితాలు మూసి, "ఇదొక్కటే కారణమని చెప్పలేను. కానీ గాలి కూడా ఒక కారణం కావచ్చు," అంది. పొగలోని కంటికి కనపడని నుసి ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి పోతుందని, ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకు నాళాలు గట్టిపడి ఇలాంటి ముప్పు పెరుగుతుందని చెబుతూ ఉండగానే నర్సు పిలిచింది. డాక్టరు లేచి వెళ్లిపోయింది.

అక్కమ్మ చేతులు తట్టింది. "సూసినారా! మొన్ననే చెప్పినా గదరా శేఖరా. డాక్టరమ్మ నోటితోనే వచ్చింది, గాలి సోకిందని!"

"పెద్దత్తా, ఆమె చెప్పింది లారీల పొగ గాలి," అంది మోహన.

"పొగయితే పొగ అంటాది. గాలి అన్నింది. నా చెవుల్తో విన్యా."

"ఆ గాలి వేరు, ఈ గాలి వేరు."

"గాల్లో రెండు రకాలుంటాయా? గమ్మునుండు నువ్వు."

శకుంతలమ్మ ఒకసారి ఆడబిడ్డను, ఒకసారి కోడలిని చూసింది. తనకు సోకింది ఏ గాలో ఆమెకూ తేలలేదు. ఫ్యాక్టరీ వెనక బావిలో ఎప్పుడో ఒక పిల్ల పడి చచ్చిపోయిందని విన్నది గుర్తొచ్చింది. లారీ గొట్టంలోంచి నల్లగా ఊదే పొగ కూడా గుర్తొచ్చింది. రాత్రిపూట ముఖం కడిగితే గుడ్డకు అంటుకునే మసి. అది మెదడులోకి ఎలా పోతుంది? ముక్కులోంచి పోయిన పొగ చేతిని ఎలా పడేస్తుంది? అడగాలని నోరు తెరిచింది. వచ్చే మాట ఏదో తెలుసు కాబట్టి మళ్లీ మూసుకుంది.

తొమ్మిదో రోజు ఇంటికి పంపించారు. ఆ తరువాతి మంగళవారం, మోహన పుట్టింటికి వెళ్లిన పూట, అక్కమ్మ ఆటో మాట్లాడుకొచ్చింది. చంద్రగిరి దాటాక ఒక పల్లెలో తాయెత్తు కట్టే మనిషి ఉన్నాడని, గాలి సోకినవాళ్లను నెలలో లేపి నడిపిస్తాడని చెప్పింది. మునిశేఖర్ కాదనలేకపోయాడు. ఆ రెండున్నర గంటలు అతన్ని లోపల తింటూనే ఉన్నాయి. తప్పు తనది కాదని ఎవరు చెప్పినా వినేటట్టున్నాడు, అది దయ్యమైనా సరే.

ఆ మనిషి శకుంతలమ్మను పీట మీద కూర్చోబెట్టాడు. నిప్పుల మీద సాంబ్రాణి, ఎండుమిరపకాయలు వేశాడు. తల పట్టి ముందుకు వంచి, పైన దుప్పటి కప్పాడు. ఆమెకు ఊపిరాడలేదు. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. ఆసుపత్రిలో పొగ వల్ల వచ్చిందేమో అన్నారు, ఇక్కడ పొగతోనే పోతుందంటున్నారు. ఇందులో ఏది మందు, ఏది జబ్బు? వదలమని అరిచింది.

"చట్నీ! చట్నీ!"

"వింటిరా?" అన్నాడతను. "మాట్లాడేది మీయమ్మ కాదు. దానికి తిండి కావాల. అడగతా ఉండాది సూడు."

అక్కమ్మ భయంతో దండం పెట్టింది. దుప్పటి కింద శకుంతలమ్మ దగ్గు ఆగడం లేదు. ఎడమచెయ్యి ఒక్కటి బయటికొచ్చి, గాల్లో వెతుక్కుంటూ, మునిశేఖర్ చొక్కా అంచు పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. అతను దుప్పటి లాగేశాడు. తల్లిని రెండు చేతుల్లో ఎత్తుకుని ఆటో దగ్గరికి నడిచాడు. వెనక నుంచి అక్కమ్మ పిలుస్తున్నా తిరగలేదు. ఆటోలో తల్లి ముఖం తుడుస్తూ, "నాకేమీ తెలీడంల్యామా. ఏది నమ్మేదో తెలీడంల్యా," అని ఏడ్చాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. ఆమెకూ తెలియడం లేదు.

మాట మెల్లగా వచ్చింది. మోహన రోజూ వంటింటి సామాను ముందర పెట్టి పేర్లు చెప్పించేది. చెంబు అనడానికి పదిహేను రోజులు పట్టింది. దసరా నాటికి కర్ర పట్టుకుని నడవగలిగింది. మాటలు మూడు నాలుగు కలిపి చెప్పేది, మధ్యలో తప్పిపోయేది.

నడక వచ్చాక, బండి దగ్గరికి తీసుకుపొమ్మని పట్టుబట్టింది. కుర్చీలో కూర్చుంది. పందొమ్మిదేళ్లలో ఆ చోట ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి. పని లేని కళ్లకు అన్నీ కనబడ్డాయి. ఇప్పుడే తుడిచిన బల్ల మీద గంటలో మళ్లీ వేలిగుర్తు పడుతోంది. ఇడ్లీల మీద కప్పిన తెల్లగుడ్డ బూడిద రంగులో ఉంది. మునిశేఖర్ దగ్గి రోడ్డు పక్కన ఉమ్మాడు.

"శేఖరా," అంది. "ఈడ... వద్దు. నీకూ... వస్తాది."

"నాకేమొస్తాదిమా? అదో, ధర్మేంద్రను సూడు," అని ఎదుటి టైర్ల షాపు వైపు చూపించాడు. "బీడీ మీద బీడీ. ఏమన్నా అయిందా? చౌడక్క టీ అంగడి పెట్టి ఇరవై అయిదేండ్లాయ. గుండ్రాయి మాదిరుండాది. గాలి అందరికీ ఒకటే గదా? నీకే ఎందుకొచ్చింది?"

ఆమెను రోజూ తొలిచేసే ప్రశ్న కూడా అదే. తర్వాతి చెకప్‌లో ఆ మాటలే కూడబలుక్కుని డాక్టరును అడిగింది. "నాకే... ఎందుకు?"

రూపశ్రీ పెన్ను కింద పెట్టింది. "నిజంగా తెలీదమ్మా. వెయ్యిమంది ఆ పొగలో ఉంటే, లేని చోటికంటే కొంతమందికి ఎక్కువగా వస్తుంది. ఆ కొంతమందిలో ఎవరుంటారో మాకు ముందు తెలీదు. వచ్చినాక కూడా, ఇది పొగతోనే వచ్చిందని రాసివ్వలేను. కానీ మా అమ్మ అయితే అక్కడ కూర్చోనివ్వను."

తెలీదని డాక్టరే చెప్పడం శకుంతలమ్మకు ఇంకా గజిబిజిగా అనిపించింది. చివరి మాట ఒక్కటి మాత్రం గజిబిజి లేకుండా లోపలికి పోయింది.

మర్నాడు తెల్లవారుజామున, మునిశేఖర్ గ్యాసు బండ తేవడానికి ఇంట్లోకి వెళ్లినప్పుడు, ఆమె కర్ర గోడకు ఆనించి బండి పిడి పట్టుకుంది. హైవే వైపు కాదు, ఊళ్లోకి పోయే సందు వైపు తోసింది. బలమంతా ఎడమచేతిదే కావడంతో బండి నేరుగా పోకుండా కుడికి తిరిగి కాలువ మీదికి ఒరిగింది. గిన్నెలు జారి పెద్ద చప్పుడైంది. మునిశేఖర్ పరిగెత్తుకొచ్చి చక్రానికి అడ్డంగా కాలు పెట్టాడు.

"ఏందిమా ఇది? యాడికి?"

ఆమె చెమటలు కక్కుతూ సందు చివరికి చెయ్యి చూపించింది. అక్కడ పాల కేంద్రం ఉంది, హైవేకు అరకిలోమీటరు. మాట కోసం వెతికింది, దొరకలేదు. మళ్లీ బండిని తోసింది. అది కదల్లేదు. అయినా తోసింది.

మునిశేఖర్ జారిన గిన్నెలు ఏరి బండి మీద సర్దాడు. తర్వాత తల్లి చెయ్యి పిడి మీద నుంచి తీసి, బండిని సందు వైపు తిప్పాడు.

పాల కేంద్రం దగ్గర బేరం సగానికి సగం తగ్గింది. పాలు పోయడానికి వచ్చే రైతులు, పక్క వీధి టీచర్లు తప్ప కొత్త ముఖం ఉండదు. మునిశేఖర్ దగ్గు తగ్గింది. చోటు మారినందుకా, చలికాలం పోయినందుకా అన్నది వాళ్లలో ఎవరికీ తేలలేదు. మళ్లీ జూన్ వచ్చి ట్రాక్టర్లు వరస కట్టగానే, "ఈ నెలన్నర మాత్రం పోతామా, మాస్కు కట్టుకుంటా," అన్నాడు. అతను ఇంకో చిన్న బండితో పోయాడు. మాస్కుతో ఎవరికీ మాట వినబడటం లేదని, పొద్దెక్కేసరికి దాన్ని గడ్డం కిందికి లాక్కునేవాడని మోహన చెప్పింది. సందులోని బండి అత్తాకోడళ్లే చూసుకున్నారు.

ఆ నెలలోనే ఒక ఉదయం, అందరూ చౌడక్క అనే చౌడమ్మ టీ అంగడి వదిలి సందులోకి వచ్చింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, బల్ల మీద కూర్చుని మెల్లగా అడిగింది. "శకుంతలా, నీకు వచ్చే ముందర ఎట్లుండె?"

"ఏం?"

"ఇందాకట్నించి ఎడమచెయ్యి తిమ్మిరెక్కతా ఉండాది. గ్లాసు జారిపోయె. మీ అక్కమ్మనడిగితే గాలి అంటాది. తాయెత్తు కట్టిస్తా, మంగళారం దాకా ఆగమంటాది. ఏందిది?"

శకుంతలమ్మ ఆమె ముఖం పరీక్షగా చూసింది. మూతి తిన్నగానే ఉందో, కొంచెం వాలిందో చెప్పలేకపోయింది. అది పొగో, వయసో, రాత్రి చేతి మీద పడుకుందో, అదీ తెలియలేదు.

"నాకు... తెల్దు చౌడక్కా," అంది. "ఎప్పుడు... మొదలు?"

"ఏడు గంటలప్పుడు."

శకుంతలమ్మ పాల కేంద్రం గడియారం చూసింది. ఎనిమిదీ పది. మోహనను పిలిచి, చిత్తూరు ఆసుపత్రికి ఆటో ఆపమంది. ట్రాక్టర్లు లేని తోటల దారిలో పోనిమ్మని చేత్తో చూపించింది. చౌడమ్మ, అంగట్లో పాలు పొయ్యి మీదున్నాయని, మధ్యాహ్నం పోదామని ఏదో చెబుతూనే ఉంది. శకుంతలమ్మ వినిపించుకోకుండా ఆమె పక్కన ఎక్కి కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, "పోనీ," అంది డ్రైవరుతో.