మ్యూట్ బదులు తెలుగు

నేను ఒక స్పీకర్ ఫోన్‌ను. మూడు కాళ్ళు, నెత్తిన నాలుగు బటన్లు, ఒళ్ళంతా చెవులు. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో హైదరాబాదు చేరాను. మొదట ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేశాను. వాళ్ళు చోటు ఖాళీ చేస్తూ నన్ను అమ్మేస్తే, మాదాపూర్‌లోని ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు కొని మీటింగు గదిలో బల్ల నడుమ కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారన్న మాటేగానీ మర్యాదేమీ లేదు. టీ కప్పు నా మీదే పెడతారు. గొంతు బొంగురుపోతే మొట్టికాయ వేస్తారు. అవతలివాళ్ళకి వినబడకపోతే తప్పు నాది, అర్థం కాకపోయినా నాదే!

నాకో మ్యూట్ బటన్ ఉంది. నొక్కితే ఎర్రగా వెలుగుతుంది, ఇక ఇవతలి మాట అవతలికి పోదు. ఈ గదిలో దాన్ని ముట్టుకున్నవాళ్ళే లేరు. కోయంబత్తూరు ఆఫీసు నుంచి టెస్టర్ సెల్వరాణి కాల్‌లో ఉండగా, వీళ్ళలో వీళ్ళు ఏదైనా అనుకోవాలంటే గబుక్కున తెలుగులోకి దిగిపోయేవాళ్ళు. మేనేజర్ చక్రపాణి అయితే ఆ పద్ధతిని గొప్పగా చెప్పుకునేవాడు.

"బటనెందుకు బాస్, తెలుగే మన మ్యూట్!"

ఇక చెప్పేదేముంది. సెల్వరాణి ఇంగ్లీషులో ఏదో వివరిస్తూ తడబడితే, "మొదలెట్టిందిరా బాబూ అరవగోల" అనేవాడు. అందరూ కిసుక్కున నవ్వేవాళ్ళు. ఆ మాటా ఆ నవ్వూ కూడా నేనే తీసుకెళ్ళి ఆమె చెవిలో వేసేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఏం చెయ్యను, నా పుట్టుకే అలాంటిది.

ఆ మధ్య ఒక పెద్ద లోపం బయటపడింది. వీళ్ళు తయారుచేసిన మందుల యాప్‌లో, రద్దు చేసుకున్న ఆర్డర్లు కూడా ఇళ్ళకి వెళ్ళిపోతున్నాయి. క్లయింటు మండిపడ్డాడు, తప్పు ఎవరిదో పేరు చెప్పమన్నాడు. నిజానికి దాన్ని సెల్వరాణి ముందే పట్టుకుంది. "ఇదేం కొంపలు మునిగే విషయం కాదు, తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టించింది చక్రపాణి. ఇప్పుడు ఎవరి పేరు చెబితే వాళ్ళు ప్రాజెక్టులోంచి బయటికి పోతారు. సెల్వరాణిది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రాజెక్టు పోతే ఆమెకు ఉద్యోగమే ఉండదు.

జవాబు చెప్పాల్సిన రోజు వచ్చింది. క్లయింటు ఇంకా కాల్‌లోకి రాలేదు. సెల్వరాణి అప్పటికే వచ్చి లైన్లో ఉంది. ఆమెను ఇంగ్లీషులో ఒక్క నిమిషం ఆగమని, చక్రపాణి డెవలపర్ హిమజ వైపు తిరిగాడు.

"టెస్టింగులో మిస్సయిందని చెప్పేద్దాం హిమజా. ఆ అమ్మాయి నోరెత్తే రకం కాదులే."

"తను ముందే చెప్పింది కదా సార్..."

"చెబితే చెప్పింది. ఇప్పుడు ఎవడికి గుర్తుంది?"

హిమజ తల దించుకుంది. అప్పుడు నాలోంచి సెల్వరాణి గొంతు వచ్చింది.

"నాకి గుర్తుంది సార్."

చక్రపాణి ఉలిక్కిపడి నా వైపు చూశాడు.

"మాది హోసూరు పక్క సార్. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే. మొదటి దినం మీరంతా తెలుగు మాట్లాడతా ఉంటే ఎంత సంతోషమయిందో! చెప్దామనుకుంటిని. అంతలోనే నా ఇంగ్లీషుకి నవ్వినారు. ఇంక చెప్పేకి నోరు రాలేదు సార్."

తాము ఎప్పుడెప్పుడు ఏమేమి అన్నారో ఒక్కొక్కరికీ గుర్తొస్తున్నట్టుంది. ఒకడు లాప్‌టాప్ మూత వెనక తల దాచుకున్నాడు. చక్రపాణి మొహం కందగడ్డయింది. నా మొహం ప్లాస్టిక్ది కాబట్టి సరిపోయింది.

అంతలో క్లయింటు వచ్చి, ఎవరి తప్పని అడిగాడు. చక్రపాణి కంటే ముందు హిమజే నోరు విప్పింది. సెల్వరాణి ముందే పట్టుకుందనీ, పక్కన పెట్టింది తామేననీ చెప్పేసింది. చక్రపాణి కాదనలేదు. క్లయింటు అతన్ని చెడామడా కడిగేసి వెళ్ళిపోయాడు. సెల్వరాణి మాత్రం లైన్లోనే ఉంది.

"సెల్వరాణీ, సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియెన్స్" అన్నాడు చక్రపాణి. రోజూ మెయిళ్ళ చివర తగిలించే మాట అది.

"తెలుగులో చెప్పండి సార్. నన్ను అన్నిందీ తెలుగులోనే కదా."

వెక్కిరించడానికి నాలుక చివరే ఉండే తెలుగు ఇప్పుడతనికి దొరకలేదు. 'క్షమించండి' అనబోయి, నాటకంలో మాటలా ఉందనిపించిందేమో, మధ్యలోనే మింగేశాడు. చివరికి నా మీదికి బాగా వంగి, పక్కవాళ్ళ చెవిన పడకుండా గొణిగాడు.

"తప్పయిపోయిందమ్మా."

"వినపళ్ళేదు సార్" అంది సెల్వరాణి.

అబద్ధం! ఆ గదిలో గుసగుసలు కూడా ఒక్కటి వదలకుండా చేరవేసినదాన్ని, ఈ ఒక్కమాటా వదిలేస్తానా? చక్రపాణికీ ఆ సంగతి అర్థమైంది. లేచి నిలబడ్డాడు. చుట్టూ కూర్చున్న అందరి ముందూ, గొంతెత్తి మళ్ళీ చెప్పాడు.