చెప్పకూడని సంగటి

అనంతపురంలో ఆ రోజు నిఖితకు అందరూ మర్యాదస్తులే తగిలారు. అదే ఆమె ఖర్మ.

ఏ ఊళ్ళో ఏం తినాలో రాసే ఒక వెబ్‌సైట్‌లో ఆరు నెలల కిందట చేరిన విజయవాడ పిల్ల. సాయంత్రంలోగా అనంతపురం మీద మంచి వ్యాసం పంపితే ఉద్యోగం ఖాయం, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. ఇప్పటికే రెండు వ్యాసాలు తిరిగొచ్చాయి. "హోటలు సంగటి, నాటుకోడి అందరూ రాసేశారు. ఇళ్ళల్లో ఏం తింటారో అది కావాలి" అని ఎడిటర్ ఉదయ్ కుమార్ తెగేసి చెప్పాడు.

ఇళ్ళల్లో తినేది చెప్పమంటే ఒక్కడూ నోరు విప్పడే! లాడ్జి మేనేజరు ఏసీ రెస్టారెంటుకు దారి చెప్పాడు. బట్టల కొట్టాయన, "ఈడ ఏముంటాదమ్మా తినేకి, బెంగళూరు పోండి" అన్నాడు. ఆటో తిప్పేష్ అయితే పొద్దున్నుంచి మూడు బిర్యానీ హోటళ్ళ ముందు బండి ఆపాడు. మూడోసారి నిఖితకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నా, పొద్దున మీ ఇంట్లో ఏం తిన్నావు?"

"ఏదో తింటిమి లేమ్మా. అది మీరు తినేది కాదు."

"నాకు అదే కావాలి!"

"ఊరికొచ్చిన మనిషికి అది పెడితే మాకు మర్యాదా?"

మధ్యాహ్నం రెండయింది. ఎండకు తల పగిలిపోతోంది, కడుపు మాడిపోతోంది. "అయితే మీ ఇంటికే పోనీ" అంది మొండిగా. తిప్పేష్ కాసేపు తల గోక్కుని, పెళ్ళానికి ఫోన్ చేసి, బండి తిప్పాడు.

ఊరి చివర రేకుల ఇల్లు. గడపలో అడుగు పెట్టగానే ఉడికిన రాగిపిండి వాసన, దాని వెనకే కాల్చిన మిరపకాయల ఘాటు. నిఖితకు ప్రాణం లేచొచ్చింది. తిప్పేష్ భార్య హనుమంతమ్మ ఎదురొచ్చి, కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, వంటింటి తలుపు దగ్గరగా వేసింది. పది నిమిషాలకు పళ్ళెం వచ్చింది. పళ్ళెం నిండా చికెన్ బిర్యానీ. వీధి చివర హోటల్లో పార్సిల్ తెప్పించిందట.

ఏడుపొచ్చింది నిఖితకు. నిజంగానే వచ్చింది. తలుపు సందులోంచి చూస్తే తిప్పేష్ ఎర్రటి సంగటి ముద్దలో గుంట చేసి, ఆకుపప్పు పోసుకుని, రోట్లో నూరిన శెనక్కాయల ఊరిబిండి నంజుకుంటూ హాయిగా తింటున్నాడు. ఇక ఆగలేకపోయింది. పళ్ళెం వదిలేసి వెళ్ళి అతని పక్కనే నేల మీద చతికిలబడింది.

"నాకు ఇది పెట్టండి."

హనుమంతమ్మ గబుక్కున కుండ మీద మూత పెట్టేసింది. "వద్దు తల్లీ. అది గురుగాకు. చేన్లో ఊరికే మొలుస్తాది, కరువొస్తే తినేది. ఇంటికి ఎవరన్నా వస్తాండారంటే మా నాయన పక్కింట్లో బియ్యం అడిగి తెచ్చి వండించేవాడు గానీ ఇది పెట్టనిచ్చినాడు కాదు."

"మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆ మాటకు హనుమంతమ్మ బెదిరిపోయింది. మొగుడి వంక చూసింది, కుండ వంక చూసింది. "సరే, తిను. ఫోన్లో ఏందేందో రాస్తావంట గదా? మా ఇంట్లో ఇది తిన్న్యానని యాడా చెప్పొద్దు, రాయొద్దు. నా చేతిలో చెయ్యేయి."

ఆకలి ముందు ఆలోచన ఎక్కడ నిలుస్తుంది? నిఖిత చెయ్యి వేసేసింది.

మొదటి ముద్ద వేడిగా, మెత్తగా గొంతులోకి జారిపోయింది. గురుగాకు పప్పులో చింతపండు పులుపు, ఊరిబిండిలో వెల్లుల్లి. ఆరు నెలల్లో పన్నెండు ఊళ్ళు తిరిగి తిన్నదంతా దీని ముందు దండగ అనిపించింది. సగం తిన్నదో లేదో ఫోన్ మోగింది.

"ఏమైంది? దొరికిందా?" ఉదయ్ కుమార్.

పేర్లు మార్చి రాస్తే ఈమెకు ఎలా తెలుస్తుంది? తెలియదు. కానీ ఎదురుగా హనుమంతమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నిఖిత నోటి వంకే చూస్తోంది. ఈ మర్యాద మండిపోనూ అనుకుంది నిఖిత.

"లేదు సార్. ఇక్కడ బిర్యానీయే బాగుంటుంది."

అవతల ఫోన్ టక్కున పెట్టేశాడు.

"బాగ చెప్పినావు తల్లీ" అని హనుమంతమ్మ ముఖమంతా నవ్వు చేసుకుని, ఇంకో ముద్ద తెచ్చి వేసింది.