గొట్టంలో ఇరుక్కున్న మాట

ఆ ఇంట్లో పొద్దు కుట్టుమిషను చప్పుడుతో మొదలవుతుంది. వదిన ఆరింటికల్లా మిషను ముందు కూర్చుంటుంది. ఏడింటికి ఆమె మరదలు సైకిలు బయటికి తీసి అచ్చాఫీసుకు వెళుతుంది. అక్కడ ఆమె పని ప్రూఫులు దిద్దడం. వదిన అంటే మొగుడి అక్క. మొగుడు ఇల్లు వదిలి మూడేళ్ళయింది గానీ అతని అక్క మాత్రం కదల్లేదు. ఎవరైనా అడిగితే, "వాడు చొక్కా వేసుకుని వెళ్ళగలడు. నా మిషను ఎత్తాలంటే నలుగురు కావాలి," అంటుంది.

ఆరోజు మరదలు పనికి సెలవు పెట్టింది. పదకొండింటికి కోర్టు ఆఫీసులో మొగుడూ తనూ విడిపోయే కాగితాల మీద సంతకాలు పెట్టాలి. సైకిలు తీసి చూస్తే ముందు చక్రం గాలి పోయి నేల కరుచుకుని ఉంది.

వీధి చివరిదాకా నడిపించుకుపోయి, అలాగే తిరిగొచ్చింది.

"సైకిలు కొట్టు మూసేసుంది వదినా."

"కంటి ఆపరేషనుకు వెళ్ళాడుగా. నాలుగు రోజుల్నించీ వచ్చినవాళ్ళందరికీ చెప్తూనే ఉన్నాడు. నువ్వు వింటేగా."

"పక్కింట్లో పంపు అడగనా?"

"అడుగు. వాళ్ళ పంపుతో గాలి కొట్టుకున్నవాడు ఎవడైనా నేరుగా వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాడా? వాళ్ళు ఊపిరి పీల్చుకుంటూ కూడా మాట్లాడతారు."

అది నిజమే. పంపు పిడి పైకి లాగేటప్పుడు నోరు మూసుకోవాలని ఆ వీధిలో అందరికీ తెలుసు. లాగితే గాలితో పాటు మాటా గొట్టంలోకి పోతుంది, నొక్కితే చక్రంలోకి పోతుంది, ఆపైన సైకిలు ఆ మాటే వింటుంది. ఒకసారి పాలవాడు "రేపు చూద్దాంలే" అంటూ గాలి కొట్టాడు. ఆ వారమంతా ఏ ఇంటికి బయల్దేరినా మర్నాడే చేరాడు, సగం పాలు దారిలోనే విరిగాయి. అందుకే పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు: పైకి లాగుతూ మౌనం, కిందికి నొక్కుతూ మాట.

మిగిలింది ఇంట్లో పంపు. అది వాకిలి మూల నిలబడి ఉంది. పిడి పైకి లేచి అలాగే బిగుసుకుపోయి మూడేళ్ళు. దానికి గొడుగూ, కూరల సంచీ తగిలిస్తారు.

మూడేళ్ళ కిందట, ముందు చక్రంలో గాలి చాలుతుందా, చాలదా అన్న దగ్గర గొడవ మొదలైంది. అతను బొటనవేలితో నొక్కి చాలన్నాడు. ఆమె నొక్కి చాలదంది. చినికి చినికి గాలివాన అయినట్టు అది అతని బద్ధకం మీదికి, అక్కణ్ణుంచి అతను వద్దనుకున్న మంచి ఉద్యోగం మీదికి, అక్కణ్ణుంచి అతని ఏడు తరాల మీదికి పోయింది. వాదనలో ఆమెను గెలిచినవాళ్ళు లేరు. పుస్తకాలు రాసే పెద్దమనుషులే ఆమె బల్ల ముందు నుంచి చెప్పుల చప్పుడు కాకుండా నడుస్తారు. అతనేమో ఆరంతస్తుల భవనంలో లిఫ్టు నడిపేవాడు. రోజంతా "పైకా, కిందికా" తప్ప ఇంకో మాటతో పనిలేని ఉద్యోగం.

చివరికి అతనే చక్రం దగ్గర గొంతుక్కూర్చుని రబ్బరు పైపు పట్టుకున్నాడు. ఆమె పంపు మీద కాళ్ళు అదిమి పిడి లాగింది. లాగుతూ మాట్లాడింది. ఆ వీధిలో చంటిపిల్లలు కూడా చెయ్యని తప్పు. సరిగ్గా అప్పుడే అతనూ ఏదో అన్నాడు. ఇద్దరి మాటలూ ఒక్కసారే గొట్టంలో పడేసరికి పిడి కిందికి రానంది. అతను ఒకసారి ఆమె మొహంలోకి చూసి, చేతులు తుడుచుకుని, చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు.

తనేమందో ఆమెకు గుర్తే. "పోతే పో, ఎవరాపారు." అంటే అతనన్నది "పోతాను" అయ్యుండాలి. ఇంతకంటే రుజువేం కావాలి? కాగితాల్లోనూ అదే రాయించింది, అతను తనంతట తానే ఇల్లు విడిచి వెళ్ళాడని.

"పంపు మూత విప్పేస్తాను వదినా. పెరట్లో విప్పితే మాట గాల్లో చెదిరిపోతుంది. ఎవరూ వినక్కర్లేదు."

"పైపు వదిలేసి నొక్కితే వినబడుతుందిగా. ఒక్కసారికి విను."

"వెళ్ళిపోతానన్నవాడి మాట మళ్ళీ వినాలా?"

"వాడలా అన్నాడని నీకెవరు చెప్పారు?"

"వెళ్ళాడుగా."

వదిన దారం పంటితో తెంపుకుంది.

మరదలు పెరట్లో కూర్చుని రెంచీతో మూత పట్టి తిప్పింది. అరచుట్టు తిరిగింది. సన్నగా ఈల వచ్చింది. ఈల వెంటే అతని గొంతు, ఒక్క అక్షరం.

"స..."

ఆమె చెయ్యి ఆగిపోయింది. 'పోతాను'లో ఆ అక్షరం లేదు. గబగబా మూత బిగించేసింది.

"ఏమైందే?"

"సగంలో ఆగింది."

"పోనీ, వదిలెయ్. చెదరగొట్టేద్దామనేగా అనుకున్నావు."

"సగం మాట వదిలేసి ఏనాడైనా ఆఫీసు నుంచి ఇంటికొచ్చానా నేను?"

వదిన మిషను నూనె సీసా తెచ్చి, కడ్డీ లోపలికి దిగే కన్నం దగ్గర నాలుగు చుక్కలు వేసింది. లోపలి తోలు వాషరు ఎండి గోడలకు అతుక్కుని ఉంటుంది, నూనె తాగితే మెత్తబడుతుంది. మరదలికి ఆగే ఓపిక ఎక్కడిది? లేచి పిడి మీద ఒళ్ళంతా వేసి నొక్కింది.

"అలా మీదపడకు. తిప్పు. గుడ్డలో సూది ఇరుక్కుంటే గుంజుతామా? చక్రం వెనక్కి తిప్పుతాం. కుడికి కాస్త, ఎడమకు కాస్త."

కుడికి, ఎడమకు. మళ్ళీ నాలుగు చుక్కలు. తొమ్మిదైంది. పదిన్నర అయింది. ఎప్పుడో లోపల తోలు వదులైన చిన్న చప్పుడు. పైపు కొస మెట్టు మీద వదిలేసి, రెండు చేతులతో పిడి మెల్లగా దించింది.

రెండు గొంతులు వచ్చాయి, ఒకదాని మీద ఒకటి అచ్చుపడ్డ పంక్తుల్లా. పైన తన గొంతు, "పోతే పో, ఎవరాపారు." దాని కింద, మొదటి అక్షరం పోగా మిగిలిన అతని మాట.

"...రే, సరే, చాలదు. నువ్వన్నదే నిజం. గాలి కొట్టు. తక్కినవి అన్నం తింటూ తిడుదువుగాని."

అలాంటి పంక్తులు విడదీసి చదవడం ఆమె పని. ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు. తరవాత పైపులోంచి ఉత్త గాలే వచ్చింది.

"అయితే గెలిచేశావన్నమాట, అప్పుడే," అంది వదిన.

"నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా వదినా. నాకు చెప్పలేదేం?"

"మిషను తొక్కుతున్నాను. నీ గొంతొక్కటే వినబడింది." వదిన నూనె చేతులు చీరకు తుడుచుకుంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే మరదలికి తేలిగ్గా ఉండేది.

చక్రానికి నలభై సార్లు గాలి కొట్టింది. పైకి లాగినప్పుడూ, కిందికి నొక్కినప్పుడూ కూడా నోరు విప్పలేదు.

కోర్టు ఆఫీసు వరండాలో అతను బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

"ఆలస్యమైంది," అన్నాడు.

"పంపు బాగుచేశాను."

అతను తల తిప్పి చూశాడు. "విన్నావా?"

"ఊఁ."

"మళ్ళీ ఎందుకిప్పుడు."

"మళ్ళీ కాదు. వినడం ఇదే మొదలు."

అతను ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆరోజు నీకు వినబడలేదా?"

"లేదు."

"వినబడిందనుకున్నాను," అన్నాడు. "ఒప్పుకున్నాక కూడా పొమ్మన్నావంటే, ఇక గొడవ గాలి గురించి కాదు, నేనే అక్కర్లేదని అనుకున్నాను."

ఆమె సంచీలోంచి కలం తీసింది.

గుమాస్తా లోపలికి పిలిచి కాగితాలు ముందుకు తోశాడు. "ఇక్కడొకటి, వెనక పేజీలో ఒకటి." అతను జేబులో కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాడు. ఆమె చదివింది. మూడో పంక్తి దగ్గర ఆగి, 'తనంతట తానే' అన్నది కొట్టేసి, పైన 'నేను పొమ్మంటే' అని రాసింది.

గుమాస్తా నెత్తి పట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇది. దిద్దితే చెల్లదు. అంతా మొదట్నించీ రాయించి మళ్ళీ పెట్టుకోవాలి. మళ్ళీ మీ వంతు రావడానికి రెండు నెలలు. చదువుకున్నవాళ్ళేగా, ముందే చూసుకోవద్దూ?"

"చూసుకోవాల్సింది," అంది ఆమె.

"మీరేమంటారండీ?" అని గుమాస్తా అతన్ని అడిగాడు.

అతను కళ్ళద్దాలు పెట్టుకుని, దిద్దిన పంక్తి రెండుసార్లు చదివాడు. "రెండు నెలలంటే ఏ తేదీ వస్తుంది?" అన్నాడు.

బయట ఎండ కాస్తోంది. ఆమె సైకిలు తాళం తీస్తుంటే అతను మెట్టు మీద నిలబడ్డాడు.

"వచ్చేసారి ఏం రాయిస్తావు?"

"తెలీదు," అంది.

ఆమె మాట ఎప్పుడూ అంత పొట్టిగా ఉండేది కాదు. అలవాటుకొద్దీ అతను తక్కినదాని కోసం ఆగాడు. నెత్తి మాడుతున్నా మెట్టు దిగకుండా, అడ్డం రాకుండా, చాలాసేపు ఆగాడు.